సంతల బిల్లు

పరంధామం మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు జవాబు వెతకరు, చెప్పులు వెతుకుతారు. ఉపాధ్యాయుల ప్రతినిధిగా రెండు దఫాలు శాసన మండలిలో కూర్చుని వచ్చినా ఆ అలవాటు మారలేదు.

ఆ మంగళవారం పొద్దున వచ్చిన మునిరత్నం ఆయన పాత శిష్యుడే. మండలికి ఎన్నికై ఏడాదైనా కాలేదు, అప్పుడే రాజీనామా కాగితం రాసి జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు.

"నాకెందుకు సార్ ఆ కుర్చీ? కింది సభ పంపిన బిల్లు మనం పట్టి ఉంచినా, మూడు నెలలు కాగానే మళ్లీ పాస్ చేస్తారు. ఆ తర్వాత ఇంకో నెల గడిస్తే, మనం ఒప్పుకున్నా లేకున్నా అది పాసైనట్టే. ఆపలేనివాళ్లం అక్కడ ఉండి ఏం లాభం?" అన్నాడు. అతనికి నిజంగానే ఏడుపొచ్చినంత పనైంది.

"గాజులు కొనాలి, పద," అన్నారు మాస్టారు.

ఎర్రమిట్ట సంత కళకళలాడిపోతోంది. టమాటా గంపలు, కోళ్ల గోల, బోండాల ఘుమఘుమ. ఎంత కోపంలో ఉన్నవాడికైనా అక్కడ నోరూరక మానదు. మునిరత్నం రెండు బోండాలు తిన్నాడు కూడా. గాజుల మస్తానమ్మ తన మలారం విప్పి కూర్చుని, అతని కూతురి కొలత అడిగి, ఎర్రగాజులు డజను ఏరి ఇచ్చింది.

"రోజూ ఇక్కడేనా అమ్మా?" అన్నాడు మునిరత్నం.

"ఈడ మంగళవారమొక్కటే నాయనా. రేపు గుండ్లమడుగు, ఎల్లుండి పాలవంక. వారానికి ఏడు సంతలు, ఏడూ నావే!" అని ఆమె గర్వంగా నవ్వింది.

"మా సార్ మండలిలో ఉండేవారు, తెలుసా?"

"అయివారు బడిలో చదువు చెప్పినారు గదా! మండలి అంటే ఏంది నాయనా?"

తిరుగుదారిలో మాస్టారు చెప్పారు. పన్నెండేళ్ల కిందట, రాష్ట్రంలో సంతలన్నీ ఆదివారమే జరగాలని కింది సభ ఒక్క మధ్యాహ్నంలో బిల్లు పాస్ చేసిందట. బందోబస్తుకు సుళువని. మండలిలో మాస్టారు లేచి, ఒక మనిషి ఒకే రోజు ఏడు ఊళ్లకు ఎట్లా పోతుందని మాత్రం అడిగారు. సభంతా ఫక్కున నవ్వింది, బిల్లు మూడు నెలలు మండలిలోనే ఆగిపోయింది. ఆ మూడు నెలల్లో ఎమ్మెల్యేలు ఎవరి ఊళ్లకు వాళ్లు పోయి, సంతసంతలోనూ తిట్లు తిన్నారు. ఆ బిల్లును మళ్లీ ముట్టుకున్నవాడు లేడు.

మునిరత్నం పడీపడీ నవ్వాడు. రాజీనామా కాగితాన్ని అక్కడే చింపేశాడు. అంతలోనే ఇంకో బాధ పట్టుకుంది.

"ఇంత చేసినా ఆమెకు మండలి పేరైనా తెలీదే సార్!"

"ఆ రోజు మేం నోరు మూసుకుని ఉంటే, ఈపాటికి బాగా తెలిసి ఉండేది," అన్నారు మాస్టారు.