తవిటయ్య కాలి కడియం

అనగనగనగా ఒక రాజ్యం. ఎప్పటిదని అడక్కండి పిల్లలూ, నాకీ కథ చెప్పిన మా నాయనమ్మకే తెలీదు.

ఆ రాజ్యంలో జనానికి కాలిచెండాటంటే ప్రాణం. పదకొండుమంది ఇటు, పదకొండుమంది అటు. చెండును చేత్తో ముట్టరాదు. కాలితో తన్ని అవతలివాళ్ల గుంజల మధ్య నుంచి పంపాలి. ప్రతి ఊరికీ ఒక జట్టు, ప్రతి జట్టుకీ ఒక యజమాని. యజమానులందరూ వర్తకులే. డబ్బున్నది వాళ్ల దగ్గరే కదా మరి.

ఆ ఆటకో ఆచారం ఉండేది. జట్టులో చేరిన రోజున యజమాని ఆటగాడి ఎడమ కాలికి రాగి కడియం తొడిగి, శీల బిగింపించేవాడు. కడియం మీద ఊరి ముద్ర. ఏ ఊరి కడియం కాలికుంటే ఆ ఊరికే ఆడాలి. జీతం ఒప్పందం మూడేళ్లకి. మూడేళ్లయ్యాక ఒప్పందం ముగిసేది గానీ, కడియం మాత్రం యజమాని తన నోటితో విప్పమంటే తప్ప ఊడేది కాదు. ఈ ఆచారం ఎవడు పెట్టాడో తెలీదు. పెట్టినవాడు మాత్రం ఆటగాడు కాడు, అది నేను ఒట్టేసి చెప్పగలను.

పూసలపేట జట్టులో తవిటయ్య అని ఒకడుండేవాడు. వాడి కాలికి చెండు తగిలిందంటే ఇక అవతలివాళ్లు చూస్తూ నిలబడాల్సిందే. అతని ఆట చూడ్డానికి జనం బళ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లు చెల్లించే రుసుమంతా యజమాని సూరిశెట్టి పెట్టెలోకి పోయేది. తవిటయ్యకి మాత్రం గంజికి సరిపడా జీతం, పడుకోవడానికి శెట్టిగారి గోదాంలో ఓ మూల.

తవిటయ్య భార్య సన్యాసమ్మ రెండు రోజుల నడక దూరాన ఏటిమొగ ఊళ్లో పుట్టింట్లో ఉండేది. పూసలపేటలో ఇల్లు తీసుకుని భార్యాబిడ్డల్ని తెచ్చుకోవడానికి తవిటయ్య జీతం చాలదు. ఏడాదికోసారి ఆటలు ముగిశాక వెళ్లి చూసొచ్చేవాడు. పోయినసారి వెళ్తే, కూతురు పైడి అతన్ని చూసి జడుసుకుని తల్లి కొంగు చాటున దాక్కుంది. అది మొదలు తవిటయ్య కాలు ఒక్కచోట నిలిచేది కాదు. అన్నం తింటున్నా ఆడేది, పడుకున్నా ఆడేది. కడియం మంచంకోడుకి తగిలి టకటకమనేది. పక్కన పడుకున్న ఆటగాళ్లు విసుక్కుని దుప్పటి ముసుగేసుకునేవాళ్లు.

ఆటలేని రోజుల్లో సూరిశెట్టి తన ఆటగాళ్లచేత చింతపండు బుట్టలు మోయించేవాడు. శెట్టిది చింతపండు వ్యాపారం. సంతరోజున ఆయన ఒక పద్ధతి పాటించేవాడు. పొద్దున్నే ఒకటో రెండో బళ్లు వస్తే అటు కన్నెత్తి చూసేవాడు కాదు. బాలీసు దిండుకి ఆనుకుని తాంబూలం నములుతూ కూర్చునేవాడు. బళ్లన్నీ వచ్చి వీధంతా నిండాక, పెదవి ఒక పక్క మాత్రమే కదిలేలా చిన్న నవ్వు నవ్వి, అప్పుడు లేచేవాడు. సరుకు మళ్లీ ఇంటికి మోసుకుపోలేక రైతులు ఆయన చెప్పిన ధరకే ఇచ్చి ఉసూరుమంటూ వెళ్లేవాళ్లు. తవిటయ్య బుట్టలు మోస్తూ ఇదంతా చూస్తూనే ఉండేవాడు. చూశాడు, మరిచిపోయాడు.

అలా మూడేళ్ల గడువు తీరింది. తవిటయ్య శెట్టి ముందుకెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇల్లు తీసుకునేపాటి జీతమైనా ఇవ్వమన్నాడు, లేదంటే కడియం విప్పించి పంపమన్నాడు.

శెట్టి తాంబూలం ఉమ్మి, తాపీగా అన్నాడు. "గడువు తీరింది, నిజమే. కడియం తీరలేదుగా. ఎక్కడికెళ్తావురా తవిటయ్యా?"

అంతే. పాత జీతానికే మళ్లీ మూడేళ్లు ఆడాలన్నమాట. తవిటయ్యకి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఏం చేస్తాడు? గోదాం చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. తిరిగి తిరిగి, తెల్లారకుండానే ఏటిమొగ దారి పట్టాడు.

ఏటిమొగ జట్టు యజమాని కామయ్య పడవల వర్తకుడు, పెద్దమనిషి. తవిటయ్య వచ్చాడనగానే ఎదురొచ్చి, తన జట్టులో చేరితే పాత జీతానికి మూడింతలిస్తానన్నాడు. ఏటి గట్టున ఇల్లూ చూపించాడు. సన్యాసమ్మ ఆ పూటే వెళ్లి ఆ ఇంటి గడప కడిగొచ్చింది. కడియం విప్పినందుకు శెట్టికి కట్టాల్సిన విడుపు సొమ్ము ఎంతో మాట్లాడదామని కామయ్య పూసలపేటకి మనిషిని పంపాడు. ఆ మనిషి తిరిగొచ్చేదాకా తవిటయ్య గట్టుమీద అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోడు, తినమంటే తినడు.

మనిషి తిరిగొచ్చాడు. సూరిశెట్టి అడిగిన విడుపు సొమ్ము విని కామయ్య తల పట్టుకున్నాడు.

"నీకిద్దామనుకున్నదంతా నిన్ను విడిపించుకోడానికే చాలేట్టు లేదు నాయనా," అన్నాడు. "విడిపించుకున్నాక నీకేం పెట్టను?"

సొమ్ము ఆటగాడి చేతికి రాకుండానే ఒక యజమాని పెట్టెలోంచి ఇంకో యజమాని పెట్టెలోకి పోతుందన్నమాట. తవిటయ్య కాళ్లీడ్చుకుంటూ వెనక్కి బయల్దేరాడు. పైడి అప్పుడప్పుడే చేరువై అతని వేలు పట్టుకుంటోంది. ఆ వేలు విడిపించుకోవడం అతనివల్ల కాలేదు. సన్యాసమ్మే పిల్లని ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఇక మిగిలింది రాజుగారే.

రాజుగారికీ ఈ ఆటంటే పిచ్చి. నడివయసులో కూడా కోట ముంగిట చెండు తన్ని దీపపు సెమ్మెలు పగలగొట్టిన మనిషి. తవిటయ్య మొర ఆసాంతం విన్నాడు. ఊరూరికీ కబురంపి యజమానులందర్నీ, ఆటగాళ్లందర్నీ సభకి పిలిపించాడు. గడువు తీరాక కూడా కడియం ఎందుకని నిలదీశాడు.

యజమానులు ఒకరి వెనక ఒకరు సర్దుకున్నారు. సూరిశెట్టి మాత్రం ముందుకొచ్చి, చిన్నగా నవ్వి నమస్కరించాడు.

"మహాప్రభూ, తవిటయ్య ఒక్కడికేనా న్యాయం? గడువుల గొడవే వద్దు. ఏటా ఉగాది రోజున రాజ్యంలో ఉన్న ఆటగాళ్లందరి కడియాలూ విప్పించేద్దాం. ఎవరికి నచ్చిన ఊరికి వాళ్లు పోతారు."

సభ దద్దరిల్లింది. ఆటగాళ్లు తవిటయ్యని భుజాల మీదికెత్తుకున్నారు. రాజుగారు సంతోషించి, రేపు పొద్దున తీర్పు చెబుతానని లేచాడు.

అందరూ ఆనందంగా ఉన్నారు, తవిటయ్య తప్ప. అతని కాలు ఇంకా ఆడుతూనే ఉంది. గడువు తీరినా ఒక్క కడియం విప్పడానికి ఒప్పుకోని మనిషి, ఇప్పుడు వంద కడియాలు తనంతట తానే విప్పుతానంటాడేమిటి? ఆ ఆలోచనతో తవిటయ్య కోట వీధులన్నీ కొలిచాడు. సాయంత్రానికి సంతవీధికి చేరాడు. ఆ రోజు ఊరంతా బీరకాయ బళ్లే. కొనేవాడు లేక రైతులు కాయల్ని ఆవులకి పడేస్తున్నారు. తవిటయ్య అక్కడే ఆగిపోయాడు. సభలో మాట్లాడుతూ సూరిశెట్టి నవ్విన నవ్వు గుర్తొచ్చింది. పెదవి ఒక పక్క మాత్రమే కదిలే నవ్వు. బళ్లన్నీ వీధిలో నిండాక నవ్వే నవ్వు.

పొద్దున సభలో తవిటయ్య లేచి చేతులు జోడించాడు.

"ప్రభూ, అందరి కడియాలూ ఒక్కసారి విప్పించొద్దు. గడువు తీరినవాళ్లవే విప్పించండి."

ఆటగాళ్లు ఒంటికాలి మీద లేచారు. తను గట్టెక్కితే చాలనుకుంటున్నాడని, స్వార్థపరుడని తిట్టిపోశారు. నిన్న భుజాల మీద మోసినవాడే ఇవాళ కొట్టడానికి వచ్చాడు. తవిటయ్యకి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా మాట మార్చలేదు. రాజుగారు కనుబొమలు ముడిచి, కారణం చెప్పమన్నాడు.

"నేను చెబితే నమ్మరు ప్రభూ. రెండు దారుల్లో ఏది కావాలో శెట్టిగారినే కోరుకోమనండి."

రాజుగారు అలాగే అడిగాడు. ఆయన మాట పూర్తికాకముందే సూరిశెట్టి, అందరి కడియాలూ విప్పించాల్సిందేనని, గడువు తీరిన కొద్దిమందికే అంటే అది అన్యాయమని గబగబా చెప్పేశాడు. మిగతా యజమానులు కూడా వంత పాడారు.

రాజుగారు శెట్టివైపు తిరిగాడు.

"శెట్టీ, నీ జట్టువాళ్లమీద నీకింత ప్రేమ ఎప్పట్నుంచి పుట్టింది?"

అప్పుడు తవిటయ్య ఆటగాళ్లవైపు తిరిగి సంత సంగతి చెప్పాడు. వందమందీ ఒకే ఉగాదినాడు వీధిలో నిలబడితే, యజమానులు బాలీసుకి ఆనుకుని సాయంత్రందాకా కూర్చుంటారని. ఆకలేసినవాడు ఎంతిస్తే అంతకి ఒప్పుకుంటాడని. ఎవరి గడువుకి వాళ్లు పదిమందో పన్నెండుమందో బయటికొస్తే, ఆ పదిమంది కోసం అన్ని ఊళ్లూ పోటీ పడతాయని. బుట్టలు మోసిన పూసలపేట ఆటగాళ్లకి ముందర అర్థమైంది. వాళ్లు తలొంచుకుని కూర్చున్నారు.

రాజుగారు తీర్పు చెప్పాడు. గడువు తీరిన ఆటగాడి కడియం యజమాని మాటతో పని లేకుండా ఊడిపోవాలి. విడుపు సొమ్మని ఎవరికీ చిల్లిగవ్వ చెల్లించక్కర్లేదు.

సభలోనే కంసాలి ఉలి పెట్టి శీల కొట్టాడు. కడియం నేలమీద దొర్లి శెట్టి కాళ్ల దగ్గర ఆగింది.

ఆ సాయంత్రం తవిటయ్య దిగిన సత్రం ముందు ముగ్గురు యజమానులు బారులు తీరారు. ఒకరు రెండింతలన్నారు. కామయ్య మూడింతలన్నాడు. చివరగా వచ్చిన సూరిశెట్టి నాలుగింతలిస్తానంటూ "అయ్యా, తవిటయ్యగారూ" అన్నాడు. తవిటయ్య ఆ పిలుపు విని నవ్వుకున్నాడు, నమస్కారం పెట్టాడు, ఏటిమొగ బండెక్కాడు.

మరుసటేడు గడువు తీరబోయేవాళ్లకి యజమానులు ముందుగానే జీతాలు పెంచడం మొదలెట్టారు, పోతారేమోనని భయం. అందరి బతుకులూ బంగారమయ్యాయని చెప్పను. పూసలపేటలోనే నీలయ్య అనే ముసలి ఆటగాడి కడియం ఊడిందిగానీ, వేరే ఏ ఊరివాళ్లూ రాలేదు. అతను పాత జీతానికే మళ్లీ ఆడాడు. అయితే ఈసారి వెళ్లి అడిగింది శెట్టి, ఒప్పుకున్నది నీలయ్య.

ఇంతకీ ఆనాడు ఏటిమొగలో బండి దిగిన తవిటయ్యని చూసి పైడి మళ్లీ తల్లి కొంగు చాటుకే పోయింది. అక్కణ్నుంచే తొంగి చూసింది. అతని ఎడమ చీలమండ చుట్టూ తెల్లగా ఒక గీత కనబడింది. ఎండ సోకని చోటు. మెల్లగా వచ్చి, కూర్చుని, ఆ గీత వెంబడి వేలు తిప్పింది. చాన్నాళ్ల తర్వాత మొదటిసారి, తవిటయ్య కాలు కదలకుండా నిలిచింది.

అందుకని పిల్లలూ, వెళ్లే దారి తెరిచున్నవాడికే అడిగే నోరుంటుంది. ఆ దారిని అందరికీ ఒక్కసారే తెరుస్తానని ఎవడైనా ముందుకొస్తే, వాడి మాట వినేముందు వాడి నవ్వు చూడాలి.