ఎక్కినవాడి తాళంచెవి

ఉదయభాస్కర్‌కి నిద్రలో కూడా ఖాళీ బెంచీలే కనిపించేవి.

సముద్రం పక్కనున్న ఒక ఊళ్ళో ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. అందులో ట్రిపుల్ ఈ శాఖకి, అంటే కరెంటు చదువు చెప్పే శాఖకి, అతను పెద్ద. పెద్ద అన్నది మాటవరసకే. కిందటేడు ఆ శాఖలో చేరిన పిల్లలందరినీ ఒకే ఆటోలో ఎక్కించవచ్చు. డ్రైవరు పక్కన ఇంకా చోటు మిగులుతుంది. కంప్యూటర్ శాఖలో మాత్రం పిల్లలు కిటికీలకి వేలాడుతున్నారు. ఆ శాఖ పెద్ద ఈ మధ్య నడవడం మానేసి తేలుతున్నాడని ప్యూన్లు చెప్పుకునేవారు.

కాలేజీ చైర్మన్ వెంకటరత్నానిది జీడిపప్పు వ్యాపారం. గుండ్లు ఒక డబ్బాలోకి, బద్దలు ఒక డబ్బాలోకి, నూక ఇంకో డబ్బాలోకి వేరుచెయ్యడం అతనికి చిన్నప్పటి అలవాటు. మనుషుల్ని చూసినా చెయ్యి అటే పోతుంది. ఈ ఏడు కౌన్సెలింగ్‌లో కూడా సీట్లు నిండకపోతే శాఖ మూసేస్తానని భాస్కర్‌ని పిలిచి చెప్పాడు.

"నువ్వెక్కడికీ పోనక్కర్లేదులేవయ్యా. హాస్టల్లో వంట చూసుకుందువు గాని," అన్నాడు జాలిగా.

ఆ రోజు నుంచి భాస్కర్‌కి భయం పట్టుకుంది. ఫోన్ మోగితే భయం. మోగకపోతే మరీ భయం. హాస్టల్ వైపు నుంచి సాంబారు వాసన వస్తే అరచేతులు చెమటలు పట్టేవి.

పాపం, చెయ్యగలిగిందంతా చేశాడు. ఇంటర్ చదివే పిల్లల ఇళ్ళకి తిరిగాడు. తల్లులు గుమ్మంలోనే నిలబెట్టి, "కరెంటు చదువా బాబూ? మావోడికి ఇస్త్రీపెట్టె చురుక్కుమంటేనే జ్వరం వచ్చేసింది," అనేవారు. దానికి జవాబుగా భాస్కర్ ఒక ప్రసంగం తయారుచేసుకున్నాడు. "ఇందులో భయమన్నదే లేదమ్మా. తీగ ముట్టుకోవడాలూ స్తంభాలు ఎక్కడాలూ ఏమీ ఉండవు. ఏసీ గదిలో కూర్చుని తెర చూసుకోవడమే."

తల్లులు శ్రద్ధగా విన్నారు. ఏసీ గదిలో కూర్చుని తెర చూసుకునేటట్టయితే ఆ కంప్యూటర్ చదువే ఉంది కదా అని పిల్లల్ని తీసుకెళ్ళి అందులో చేర్పించారు.

చివరికి భాస్కర్ తన గురువు దగ్గరికి వెళ్ళాడు.

విశ్వపతి మాస్టారు యూనివర్సిటీలో చాలాకాలం కరెంటు చదువు చెప్పి, రిటైరయ్యాక కొండల్లో జల్లిగెడ్డ అనే పల్లెకి చేరారు. గెడ్డ అంటే అక్కడివాళ్ళ భాషలో ఏరు. ఆ ఏటి నీళ్ళకి కాలవ తవ్వించి, చిన్న టర్బైన్ తిప్పి, పల్లెకి కరెంటు ఇస్తున్నారు. ఆయనకి మతి చలించిందని బంధువులు ఏడాది పొడుగునా అనేవారు. పల్లెవాళ్ళు కొంచెం నయం. వేసవిలో గెడ్డ ఎండినప్పుడు మాత్రమే అనేవారు.

భాస్కర్ వెళ్ళేసరికి మాస్టారు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు.

"పిల్లలు రావడం లేదండీ. ఏం చెబితే వస్తారు?" అని అడిగాడు భాస్కర్.

"ఇప్పటిదాకా ఏం చెప్పావు?"

"భయం లేదని చెప్పానండీ."

"నీకు లేదా?"

ఏ భయం గురించి అడుగుతున్నారో తెలియక భాస్కర్ తల వంచుకున్నాడు. అతని దగ్గర చాలా రకాలున్నాయి మరి.

"ఆదివారం పిల్లల్ని తీసుకురా. స్తంభం ఎక్కే పని ఉంది," అన్నారు మాస్టారు. మళ్ళీ చిక్కుడుకాయల్లో మునిగిపోయారు.

ఆదివారం ఒక బస్సు నిండా ఇంటర్ పిల్లలు వచ్చారు. కొందరు కొండలు చూద్దామని వచ్చారు. ఎక్కువమంది బిర్యానీ పెడతారని వచ్చారు. కోరాడ ఝాన్సీ అనే పిల్ల స్నేహితురాలికి తోడుగా వచ్చింది. ఆ స్నేహితురాలు ఘాట్ మలుపుల్లో వాంతి చేసుకుని బస్సులోనే పడుకుంది. ఝాన్సీకి కంప్యూటర్ సీటు ఖాయమని వాళ్ళ నాన్న అప్పటికే వీధంతా చెప్పేశాడు. పరీక్ష ఇంకా రాయలేదు, అది వేరే సంగతి.

చైర్మన్ వీడియో తీసేవాణ్ణి వెంటబెట్టుకుని వెనకాల కారులో వస్తానన్నాడు. కాలేజీ ప్రకటనకి బొమ్మలు కావాలట. "వీడియో బాగా రావాలి. లేకపోతే నీ సంగతి నీకు తెలుసు," అన్నాడు ఫోన్లో. భాస్కర్‌కి తెలుసు. సాంబారు.

కొండ మీద మబ్బు దిగి ఉంది. ఏటి ఒడ్డున రేకుల గది. లోపల టర్బైన్ హోరు. ఆ హోరుకి గోడలు సన్నగా వణుకుతున్నాయి. పిల్లలు ఫోన్లు పైకెత్తి సిగ్నల్ కోసం వెతుక్కుంటున్నారు.

మాస్టారు ఎవరికీ ఏమీ చెప్పలేదు. గోడకున్న ఇనప పెట్టె తెరిచి స్విచ్చి కిందికి లాగారు. పెట్టె మూసి తాళం వేశారు. పల్లెకి వెళ్ళే తీగలో కరెంటు ఆగిపోయింది. టర్బైన్ మాత్రం తిరుగుతూనే ఉంది. కరెంటు ఎక్కడికీ పోలేదు. ఆ పెట్టె వెనకాలే నిలబడి ఉంది.

మాస్టారు చుట్టూ చూశారు. అందరికన్నా దగ్గరగా ఉన్నది ఝాన్సీ. తాళంచెవి ఆ పిల్ల చేతిలో పెట్టారు.

"గాలికి స్తంభం మీద పింగాణీ ఇన్సులేటర్ పగిలింది. ఎక్కి మారుస్తాను. నేను తీగ పట్టుకుని ఉండగా ఈ తాళం తీస్తే చచ్చిపోతాను. నేను దిగొచ్చి నీ ముందు చెయ్యి చాపితేనే ఇది ఇవ్వు. ఎవరడిగినా ఇవ్వొద్దు. నేనిమ్మన్నానని చెప్పినా ఇవ్వొద్దు."

ఝాన్సీ నవ్వబోయింది. ఆయన మొహం చూసి మానేసింది.

భాస్కర్ గాభరాగా దగ్గరికొచ్చాడు. "మాస్టారూ, తాళంచెవి ఎక్కినవాడి జేబులోనే ఉండాలి కదండీ! మీరే నేర్పారు."

"నా జేబు చిరిగిందిరా."

"పోనీ, నాకివ్వండి."

"నీకా?" అన్నారు మాస్టారు. అంతకన్నా ఏమీ అనకుండా నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

పిల్లలు ఒక్కొక్కరుగా ఫోన్లు దించారు. ఝాన్సీ గోడకి వీపు ఆనించి, తాళంచెవిని పిడికిట్లో బిగించి నిలబడింది. కాసేపటికి ఆ పిల్ల మొహంలో రంగు తగ్గింది. టర్బైన్ అదే హోరు. బయట మబ్బు ఇంకా కిందికి దిగింది. మొదటి స్తంభం మసగ్గా కనిపిస్తోంది. ఎక్కడానికి ఇనప మెట్లున్న రెండోది కనిపించడమే లేదు.

చైర్మన్ కారు అప్పుడే వచ్చింది.

"ఏటయ్యా భాస్కరూ! కరెంటు సినిమా తీద్దామని కొండెక్కితే చీకటి చూపిస్తన్నావ్! మబ్బులో పల్లె దీపాలు వెలిగితే ఎంత బాగుంటాది! వేయించు, వేయించు. వాన దిగిపోతే కెమెరా పాడైపోద్ది."

"మాస్టారు స్తంభం మీద ఉన్నారండీ."

చైర్మన్ బయటికి తొంగిచూశాడు. "ఏ స్తంభం? నిచ్చెన ఖాళీగా ఉంది కదయ్యా."

భాస్కర్ చూశాడు. నిజమే. మొదటి స్తంభానికి ఆనించిన నిచ్చెన మీద ఎవరూ లేరు. మేకల్ని తోలుకుపోతున్న పల్లె మనిషిని కేకేసి అడిగాడు.

"మాస్టారా? ఇందాకే దిగిపోనారు బాబూ," అన్నాడు అతను. అతని మాటలో అబద్ధం లేదు. తర్వాత ఎటు వెళ్ళారో అతన్ని ఎవరూ అడగలేదు.

"దిగిపోయాడట! ఇంకేటి?" అన్నాడు చైర్మన్. గొంతు తగ్గించి భాస్కర్ చెవి దగ్గర, "నీ శాఖ నిలబెడదామని ఇంతదూరం వచ్చాను. నీకే అక్కర్లేకపోతే చెప్పు. ఇప్పుడే కొండ దిగిపోతాను," అన్నాడు.

ఖాళీ బెంచీలు భాస్కర్ కళ్ళ ముందు వరసగా నిలబడ్డాయి. మాస్టారు దిగారు. మేకల మనిషి చూశాడు, నిచ్చెన ఖాళీగా ఉంది. ముసలాయన కాలవ దగ్గర చేతులు కడుక్కుంటూ ఉంటారు. అంతే అయ్యుంటుంది.

"తాళంచెవి ఇలా ఇవ్వమ్మా," అన్నాడు.

"ఆయన రాలేదు కదా సార్."

"దిగిపోయారమ్మా. అందరూ చూశారు."

"నేను చూడలేదు సార్."

"నేను ఆయన శిష్యుణ్ణి. ఇరవయ్యేళ్ళుగా ఇదే చదువు చెబుతున్నాను. నాకు తెలీదా?"

"ఎవరడిగినా ఇవ్వొద్దన్నారు సార్." ఆ పిల్ల పిడికిలి వీపు వెనక్కి పోయింది.

"ఏటే అమ్మా, పెద్దోళ్ళు అడుగుతుంటే!" అన్నాడు చైర్మన్. "ఇంత మొండి పిల్లకి రేపు ఏ కాలేజీలో సీటిస్తారు?"

ఝాన్సీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ గోడని వదల్లేదు. చుట్టూ పిల్లలెవరూ కదలడం లేదు. వీడియోవాడు కెమెరా ఎత్తాలో దించాలో తెలియక మధ్యలో పట్టుకున్నాడు.

భాస్కర్ ఇంకో అడుగు వేశాడు. తనకి తెలియకుండానే ఆ పిల్ల మణికట్టు పట్టుకుని ముందుకి లాగాడు. మూసిన వేళ్ళలో ఒకదాన్ని పైకి లేపాడు. వేలు మంచుముక్కలా ఉంది. ఇంకోదాన్ని లేపాడు. ఇనుము కొస కనిపించింది.

అప్పుడు మబ్బులోంచి, ఎక్కడో పైనుంచి, దగ్గు వినిపించింది.

"భాస్కరా! రెండో స్తంభం మీద కూడా పగిలిందిరా. తీగ విప్పి చేత్తో పట్టుకుని ఉన్నాను. గదిలో ఉన్న నా సంచిలోంచి ఇంకో పింగాణీ పట్రా."

గదిలో టర్బైన్ హోరు ఒక్కటే మిగిలింది.

భాస్కర్ తన చేతి వైపు చూశాడు. అది ఇంకా ఆ పిల్ల మణికట్టుని పట్టుకునే ఉంది. ఎవరిదో చెయ్యిలా ఉంది. విడిచిపెట్టమని దానికి చెప్పాడు. కాసేపటికి గాని అది వినలేదు. ఇనప పెట్టె కిందే, తడి నేల మీద కూలబడ్డాడు. పై ప్రాణాలు పైనే పోయాయంటారు చూడండి, అతని ప్రాణాలు రెండో స్తంభం దాకా పోయాయి.

ఝాన్సీ లేచిన రెండు వేళ్ళనీ మళ్ళీ మూసుకుంది.

చైర్మన్ ఏదో అనబోయి మానేశాడు. బయటికెళ్ళి కారులో కూర్చుని అద్దాలు ఎత్తుకున్నాడు. ఆ మనిషి అడక్కుండా మాట మానేసింది ఆ ఒక్కసారేనని డ్రైవరు తర్వాత చాలామందికి చెప్పాడు.

పింగాణీని ఒక కుర్రవాడు పట్టుకెళ్ళాడు. ఎవరూ చెప్పకుండానే పిల్లలు గది గుమ్మం నుంచి రెండో స్తంభం దాకా దారి పొడుగునా వరసగా నిలబడ్డారు. "ఇంకా పైనే ఉన్నారు," అని ఒకరి నుంచి ఒకరికి గది దాకా మాట అందుతూ వచ్చింది. "ఇంకా పైనే." "తీగ కడుతున్నారు." "ఒక కాలు కిందికి పెట్టారు." ఆ మాట అందినప్పుడల్లా ఝాన్సీ తల ఊపింది.

మాస్టారు వచ్చి ఆ పిల్ల ముందు చెయ్యి చాపారు. తాళంచెవి ఇవ్వడానికి ఝాన్సీ వేళ్ళు తెరుచుకోలేదు. రెండో చేత్తో ఒక్కొక్కటే విప్పుకోవాల్సి వచ్చింది. అరచేతిలో తాళంచెవి పళ్ళు అచ్చు పడ్డాయి.

"నువ్వే తియ్యి," అన్నారు మాస్టారు.

ఝాన్సీ తాళం తీసింది. స్విచ్చి పైకెత్తే ముందు ఆగింది. ఆయన్ని తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసుకుంది. అప్పుడు ఎత్తింది. మబ్బులో, దూరంగా, పల్లె దీపాలు పసుపు చుక్కల్లా వెలిగాయి. వీడియోవాడు కెమెరా ఆన్ చెయ్యడం మర్చిపోయాడు.

మాస్టారు కాలవ దగ్గర చేతులు కడుక్కుంటుంటే భాస్కర్ వెనకాలే వెళ్ళి నిలబడ్డాడు.

"నేను తీసేసేవాణ్ణండీ," అన్నాడు.

"తెలుసు."

"తెలిసీ, అంత పని చిన్నపిల్ల చేతిలో ఎలా పెట్టారండీ?"

మాస్టారు పైపంచెతో చేతులు తుడుచుకున్నారు. "పిల్లలు కావాలన్నావు కదరా," అన్నారు. అని, పని అయిపోయినవాడిలా ఇంటివైపు నడిచారు.

భాస్కర్ తిరిగి చూసేసరికి వెనకాల ఝాన్సీ నిలబడి ఉంది. దూరంగా మిగతా పిల్లలు గుంపుగా ఆగి, ఇటే చూస్తున్నారు. బిర్యానీ గురించి ఇంకా ఎవరూ అడగలేదు.

"సార్, ఈ పని మీ కాలేజీలో నేర్పుతారా?"

ఆ ప్రశ్న కోసమే అతను గుమ్మం గుమ్మం తిరిగాడు. అలవాటు కొద్దీ ప్రసంగం నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పిల్ల మణికట్టు మీద తన వేళ్ళ ఎర్రటి గుర్తులు కనిపించి అక్కడే ఆగిపోయింది.

"నేర్పుతామమ్మా," అన్నాడు. "కానీ చాలా భయమేస్తుంది."

"వేసింది సార్," అంది ఝాన్సీ. "అందుకే అడుగుతున్నాను."