ఓదెమ్మ చాట

రాజలింగు ఊరేగింపు ఓదెమ్మ ఇంటి ముందు చెడిపోయింది. చెడగొట్టింది నవత తెచ్చిన మిషన్. దాన్ని తెమ్మన్నది ఆమె గురువు ఎస్తేరు.

గోదావరిఖనిలో డీజే పని నేర్పే ఎస్తేరుకు ఒక అలవాటు ఉంది. శిష్యులు ఏదైనా అడిగితే గదిలో కూర్చుని జవాబు చెప్పదు. ఏదో ఒక ఊరేగింపుకు వెంటబెట్టుకుపోతుంది. నవత తన ప్రశ్న అడిగేనాటికి హైదరాబాదులోని ఒక ఈవెంట్ల సంస్థ ఆమెను ఉద్యోగానికి పిలిచింది. వాళ్ల దగ్గర పాటను ఎంచేది, తాళం కలిపేది, ఒక పాటలోంచి ఇంకో పాటలోకి జారేది అంతా మిషనే. వెనక నిలబడి చేతులూపడానికి ఒక మనిషి కావాలి, అంతే. అలవాటు చేసుకొమ్మని మిషన్‌ను ముందే పంపారు. సోమవారంలోగా ఏ సంగతో చెప్పమన్నారు.

"అక్కా, ఇంకో పదేండ్లకు ఈ డీజే బల్ల వెనక మనిషి ఉంటడా? ఉండకపోతే నువ్వు నేర్పిందంతా నేనేం చేసుకోవాలె?" అని అడిగింది నవత.

"రేపు రాజలింగు నౌకరి దిగిపోతుండు. నీ మిషన్‌నే పట్టుకరా. నేను చెయ్యి పెట్టను," అంది ఎస్తేరు.

బొగ్గుగనిలో పదవీ విరమణ చేసినవాణ్ని అక్కడ గని గేటు నుంచి ఇంటిదాకా పాటలతో తీసుకెళ్తారు. పొద్దుటి షిఫ్టు దిగిన తోటివాళ్లు, చుట్టాలు డీజే బండి ముందు ఆడుతూ నడుస్తారు. మిషన్ తన పని బాగానే చేసింది. కెమెరాతో జనాన్ని చూస్తూ, ఆట తగ్గిన చోటల్లా తనే వేగం పెంచింది. రాజలింగు బామ్మర్ది చొక్కా తడిసి ముద్దయ్యేదాకా ఆడాడు. "ఏమే నవతా, నీకు పనే లేకపాయె! దిగొచ్చి నువ్వు గూడ రెండు స్టెప్పులెయ్యి!" అని కేకేశాడు. నవత నవ్వింది గానీ ఆ మాట గుచ్చుకుంది.

క్వార్టర్ల మూడో వరుసలో రాజలింగు ఆగాడు. మెడలోని దండలు తీసి చేత్తో పట్టుకున్నాడు. వెనక ముసలి కార్మికులూ ఆగారు. అది దుర్గయ్య ఇల్లు. దుర్గయ్య రాజలింగుతో ఒకే జట్టులో పనిచేస్తూ, గని పైకప్పు కూలి చనిపోయాడు. దిగిపోయేవాడు అలాంటి గుమ్మం ముందు కాసేపు నిలబడి వెళ్లడం అక్కడి పద్ధతి. పాటలవాళ్లు దూరం నుంచే చప్పుడు తగ్గిస్తారు. నవతకు పద్ధతి తెలుసు, ఇల్లు తెలియదు. మిషన్‌కు రెండూ తెలియవు. జనం ఆడటం మానేశారని చూసి, అది ఇంకా హుషారైన పాట అందుకుని బాక్సులు అదిరేలా వాయించింది.

"ఆపుండ్రి! మనుషులేనా మీరు?" అని ఎవరో అరిచారు. నవత చప్పుడు మీటను కిందికి లాగేసింది. పాట ఆగిపోయింది. ఆమె ఎస్తేరు వైపు చూసింది. ఎస్తేరు బండి చక్రం మీద కాలు పెట్టి చెప్పు పట్టీ సరిచేసుకుంటోంది.

గుమ్మంలో బియ్యం చెరుగుతున్న దుర్గయ్య భార్య ఓదెమ్మ బియ్యం పక్కన పోసి, చాటతోనే లేచి వచ్చింది.

"ఏందే పిల్లా, మా ఇంటి ముందటికొచ్చినంకనే బందు పెడ్తివి? మావోడుంటే మీ అందరికంటె ముందుగాల ఆడుతుండె."

నవత బండి దిగింది. "ఎట్ల ఆడుతుండె, అమ్మా?"

"ఎట్లనా? బద్ధకంగ. ఒక్క భుజమే ఊపుతుండె. రెండోది ఇంట్ల మర్చిపోయి వచ్చినవా అని నేను ఎక్కిరిస్తుంటి." ఓదెమ్మ చాట వెనక అరచేత్తో కొట్టి చూపించింది. నిదానమైన దరువు. చివరి దెబ్బ కొంచెం ఆలస్యంగా పడుతోంది.

నవత మైకు తెచ్చి చాట దగ్గర పెట్టింది. "ఇంకోసారి కొట్టు, అమ్మా." ఆ దరువును మిషన్‌లోకి పట్టి, మళ్లీ మళ్లీ తిరిగేలా చేసింది. మిషన్ ఆ ఆలస్యపు దెబ్బను తప్పనుకుని సరిచేసింది. నవత ఆ సవరణ తీసేసింది. బాక్సుల్లో మొదట చాట ఒక్కటే వినబడింది. తర్వాత డప్పు చేర్చింది, దాన్నీ ఓదెమ్మ చేతి నిదానానికి దించి. ఆపైన ఇందాకటి పాటలోంచి గొంతు మాత్రం తీసుకుని, కాసేపు అందించి, ఆపి, మళ్లీ అందించింది. రాజలింగు ఒక్క భుజం ఊపాడు.

"అగో, గదే!" అని ఓదెమ్మ పగలబడి నవ్వింది.

ముసలివాళ్లంతా ఒక్కో భుజంతో కదిలారు. రాజలింగు ఇంటిదాకా ఏ పాట వచ్చినా దాని అడుగున ఆ చాట మోగుతూనే ఉంది.

బాక్సులు దించేటప్పుడు నవత కోపం దాచుకోలేదు. "ఆ ఇల్లు నీకు ముందే తెలుసు గదా, అక్కా. ఒక్క మాట చెప్పలే."

"నువ్వు అడగలే."

"ఈ మిషన్‌ను పొద్దున్నే వాపస్ పంపుత."

"దాన్నెందుకు తిడుతవ్? చాట చప్పుడు పట్టింది అదే గదా," అంది ఎస్తేరు వైర్లు చుడుతూ. "ఓదెమ్మను అడిగింది మాత్రం అది గాదు."

సోమవారం నవత ఆ సంస్థకు ఫోన్ చేసింది. మీట తన చేతిలో ఉండాలనీ, ఊరేగింపు దారిని ముందు రోజే తను నడిచి చూడాలనీ చెప్పింది. అంత తీరిక తమకు లేదన్నారు వాళ్లు. మిషన్ వెనక్కి పోయింది. అలాంటిదే ఒకటి ఆమె తర్వాత సొంతానికి కొనుక్కుంది. ఇవాళ్టికీ బండి కట్టే ముందు రోజు ఆ దారంతా నడుస్తుంది, గుమ్మాల్లో కూర్చున్నవాళ్లను పలకరిస్తూ.