పలకలకు పూసిన పసుపు

అనగనగా కరెంటు తీగ చేరని ఒక కొండ మీద ఒక అడవి ఉండేది. తాగే నీళ్లన్నీ కింద మడుగులోనే. ఆ మడుగులో ఒక మొసలి. పోయిన ఎండాకాలం ఏదుపంది గంగులమ్మ పెద్దకూతుర్ని అదే మింగింది. ఇక మిగిలింది ఒక్క చిన్నదే.

ఈ ఏడు పట్నం నుంచి ఏనుగులు సోలార్ పలకలు, ఒక మోటారు మోసుకొచ్చాయి. పలకలు బండ మీద బిగించి, పక్కనే నీళ్లకు ఒక తొట్టి కట్టాయి.

"ఎండ తగిలితే చాలు, మడుగు నీళ్లు పైకొస్తాయి" అని చెప్పి వెళ్లాయి. ఆ రోజు తొట్టి నిండింది కూడా.

మరునాడు అడవికి పెద్దయిన ఎలుగుబంటి గురవయ్య ఉత్సవం పెట్టాడు. పలకల నిండా పసుపు పూయించాడు. కుంకుమ బొట్లు, బంతిపూల దండలు సరే, పైన తాటాకు పందిరి కూడా వేయించాడు. ఏం భక్తి పిల్లలూ! ఎండతో నడిచే వస్తువుకు ఎండ తగలకుండా పందిరి! అందరూ కళ్లకద్దుకున్నారు. గంగులమ్మ కూడా దండం పెట్టింది. మోటారు ఆగిపోయింది.

"పెద్దయ్యా, పందిరి తీయించు. ఎండ తగలాలని ఏనుగులు చెప్పాయి కదా" అంది గంగులమ్మ.

"తొమ్మిది రోజులు ఉండాలి. తరవాత చూద్దాంలే" అన్నాడు గురవయ్య.

రెండో రోజు మళ్లీ వెళ్లింది. "పోనీ, ఆ పసుపన్నా తుడవనీ పెద్దయ్యా."

"పెట్టిన బొట్టు తుడుస్తావా? నోర్ముయ్!"

గంగులమ్మకు ఒళ్లు మండిపోయింది. అయినా నోరు మూసుకుంది.

మూడో రోజు తొట్టి ఎండిపోయింది. కుందేలు సూరమ్మ బిడ్డను వెంటబెట్టుకుని మడుగుకు దిగింది. ఒక్కతే తిరిగొచ్చింది.

గంగులమ్మ ఇక ఎవరినీ అడగలేదు. ముళ్లన్నీ నిక్కబొడుచుకుని బండ ఎక్కింది. పందిరి గుంజలు కొరికి పడగొట్టింది. దండలు పీకేసింది. తడుపుదామంటే చుక్క నీళ్లు లేవు. పలకల మీద ఉమ్మి, ఆకులతో రుద్ది రుద్ది తుడిచింది.

"అపచారం!" అని గురవయ్య అరిచాడు. ఆ ముళ్లు చూసి దగ్గరికి మాత్రం రాలేకపోయాడు.

కాసేపటికి మోటారు గుర్రుమంది. తొట్టిలో నీళ్లు పడ్డాయి. అందరికన్నా ముందు గురవయ్యే వచ్చాడు.

"చూశారా, నా పూజ ఫలించింది!"

గంగులమ్మ అడ్డం నిలబడింది. "ఈ మాట సూరమ్మ ముఖం చూసి చెప్పు. చెప్పి వచ్చి తాగు."

సూరమ్మ తలెత్తింది. గురవయ్య దాహంతోనే వెనక్కి తిరిగాడు.

గంగులమ్మ కోపం మాత్రం తీరలేదు. అందులో సగం తన మీదే. "మొన్ననే తుడిచి ఉంటే సూరమ్మ బిడ్డ బతికేది" అంటూ, శుభ్రంగా ఉన్న పలకల్నే సాయంత్రం దాకా తుడుస్తూ కూర్చుంది.

నీతి: వాడుకోవాల్సినదాన్ని పూజ పేరుతో కప్పేస్తే ప్రాణాలు పోతాయి. తప్పని తెలిశాక పెద్దలు ఒప్పుకునేదాకా ఆగకూడదు.