ముగ్గురికి ఒక్క రైడర్

"ముగ్గుర్నిస్తే తులసీబాయి వస్తుంది మాస్టారూ. ఇమ్మంటారా, వద్దంటారా?"

రూతు గ్రౌండ్‌లోకి వస్తూనే అడిగింది. బండికి స్టాండు కూడా సరిగ్గా వేయలేదు.

సుభానీ మాస్టారు బిందెతో కోర్టు మీద నీళ్లు చల్లుతున్నారు. చిలకలూరిపేటలో పత్తి మిల్లు వెనక ఉన్న ఆ మట్టి కోర్టులోనే ఆయన పాతికేళ్లుగా ఆడపిల్లలకు కబడ్డీ నేర్పుతున్నారు. ఆయన శిష్యుల్లో రూతుకు వచ్చినంత పేరు ఎవరికీ రాలేదు. ఆమె కూతకు బయలుదేరిందంటే అవతలి జట్టు వెనక గీతకు అతుక్కుపోయేది. ఇప్పుడు ఆట మానేసి గుంటూరు జట్టుకు కోచ్‌గా ఉంది.

ఆ జట్టు ఈ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఆదివారం ఓడిపోతే లీగ్‌లోంచి తీసేస్తారు. జట్టును ఎత్తేస్తారు. పిల్లలంతా ఎవరిళ్లకు వాళ్లు.

"ఎవరా ముగ్గురు?" అన్నారు మాస్టారు నీళ్లు చల్లడం ఆపకుండా.

"గౌసియా, కోటేశ్వరి, ప్రశాంతి. ముగ్గురూ డిఫెన్స్. మంచి పిల్లలే, కాదనను. కానీ పట్టేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు మాస్టారూ. కూత పెట్టేది మాత్రం పుట్టాలి."

"నువ్వు పుట్టినట్టా?"

"నా సంగతి కాదులెండి," అంది గానీ నవ్వు ఆపుకోలేకపోయింది. "తులసీబాయి ఒక్క కూతకు ముగ్గుర్ని ముట్టుకుని వచ్చేస్తుంది. మొన్న నేనే చూశాను. అలాంటి రైడర్‌ని నెల్లూరు వాళ్లు ఇస్తామంటున్నారు! తొమ్మిదింటిలోపు నేను సరే అనాలి, అంతే."

మాస్టారు ఖాళీ బిందె బోర్లించారు. "అయితే ఆడి చూద్దాం. నువ్వే తులసీబాయివి."

"నాకు ముప్పై ఆరు మాస్టారూ!"

"ఆమెకంటే నువ్వే బాగా ఆడేదానివని మొన్న టీ కొట్టు దగ్గర అన్నావంట?"

రూతు వాచీ తీసి బండి బాక్సులో పడేసింది.

అప్పటికి గుంటూరు పిల్లలు ప్రాక్టీసుకని వచ్చి ఆటోలు దిగుతున్నారు. అవతలి వైపు మాస్టారి దగ్గర నేర్చుకునే కాలేజీ అమ్మాయిలు ఒళ్లు వేడెక్కడానికి గెంతుతున్నారు. మాస్టారు జట్లు వేశారు. గౌసియానీ, కోటేశ్వరినీ, ప్రశాంతినీ పిలిచి మిల్లు గోడ దగ్గర కూర్చోమన్నారు. వాళ్ల స్థానాల్లోకి రిజర్వు పిల్లలు వచ్చారు.

"అంటే మేం నెల్లూరు వెళ్లిపోయినట్టేనా మేడం?" అని అడిగింది కోటేశ్వరి. ఇలాంటి కబుర్లు జట్టులో దాగవు.

"నడవ్వే, చేపల పులుసు తిందాం," అని గౌసియా ఆమె చెయ్యి లాగింది. ప్రశాంతి మాత్రం నవ్వలేదు.

మాస్టారు విజిల్ వేశారు. రూతు గీతకు మొక్కి లోపలికి అడుగుపెట్టింది.

"అక్కా, మెల్లగా! మోకాళ్లు జాగ్రత్త!" అని అరిచింది కాలేజీ జట్టు కెప్టెన్ హసీనా.

"నీ మోకాళ్లు చూసుకోవే!" అనబోయి, కూత తెగిపోతుందని రూతు ఆగింది. కబడ్డీ కబడ్డీ అంటూ కుడి వైపు ఊగింది, ఎడమకు దూకింది. ఒక భుజం తాకింది. వెనక్కి తిరుగుతూ కాలు చాచి ఇంకో పిల్ల తొడ మీద తన్నింది. గీత దాటేసింది. ఇద్దరు అవుట్!

గుంటూరు పిల్లలు కేకలు పెట్టారు. "మేడం! మేడం! మేడం!"

రెండో కూతలో ఇంకొకరు. మూడో కూతలో ఒక పిల్ల వెనక నుంచి నడుం పట్టుకుంది. రూతు ఆమెను ఈడ్చుకుంటూనే వచ్చి వేళ్ల చివరతో గీత అందుకుంది. మట్టి కొట్టుకుపోయిన మొహంతో లేచి మాస్టారి వైపు చూసింది.

"చూశారా! నేను చెప్పలా? ఒక్క రైడర్ చాలు!"

మాస్టారు తల ఊపారు. నిజంగానే బాగా ఆడింది.

తర్వాతి కూతలో ఎవరూ లెక్కచేయని ఒక బక్క పిల్ల వచ్చి రూతు చీలమండ పట్టుకుంది. వదిలించుకునేలోపు మిగతావాళ్లంతా మీద పడ్డారు. కూత ఆగిపోయింది. విజిల్ మోగింది.

"అక్క చచ్చింది!" అని కాలేజీ పిల్లలు ఎగిరారు. కబడ్డీలో అవుటైతే చచ్చినట్టే. తన జట్టు అవతలి వాళ్లలో ఒకరినైనా అవుట్ చేసేదాకా బయట కూర్చోవాలి.

రూతు రొప్పుతూ వచ్చి పక్కన రాతి బండ మీద కూర్చుంది. మెడలో తువ్వాలు తడిపి తల మీద కప్పుకుని కళ్లు మూసుకుంది. ఆడే రోజుల నుంచీ ఆమెకు అదే అలవాటు. అవుటైతే తువ్వాలు కప్పుకోవడం, దమ్ము పట్టడం. విజిల్ మోగేది, ఎవరో భుజం తట్టి "అక్కా, లే" అనేవాళ్లు. తువ్వాలు విసిరేసి మళ్లీ పరిగెత్తేది. అలా విసిరేస్తున్న ఫొటో ఒకసారి పేపర్లో కూడా వచ్చింది.

మాస్టారు వచ్చి ఆ తువ్వాలు లాగేశారు. తన భుజం మీద వేసుకున్నారు.

"చూడు," అన్నారు.

రూతు చూసింది.

హసీనా కూతకు వచ్చింది. ఎడమ మూలలో ఉన్న రిజర్వు పిల్ల ఆమె అడుగు పూర్తిగా లోపలికి పడకముందే కాలికి దూకింది. హసీనా ఆ పిల్ల వీపు మీద నుంచి గెంతి, పోతూ పోతూ పక్కదాన్ని కూడా తట్టి వెళ్లిపోయింది. ఇద్దరు అవుట్.

గుంటూరు తరఫున కూతకు వెళ్లిన అమ్మాయి ఉత్త చేతులతో వచ్చింది. హసీనా మళ్లీ వచ్చింది. ఈసారి ఒకరు పట్టుకున్నారు గానీ పక్కవాళ్లు కదల్లేదు. పట్టుకున్నది కూడా పోయింది.

"ఆగవే! లోపలికి రానీ! రానిచ్చి పట్టు!" రూతు బండ మీద నుంచి లేచి అరిచింది.

"చచ్చినవాళ్లు అరవకూడదు," అన్నారు మాస్టారు.

ఆమె కూర్చుంది. కాళ్లు మాత్రం కుదురుగా లేవు. వెళ్తే ఈ కూతలో ఇద్దర్ని తెస్తుంది, తెలుసు. హసీనా కుడి వైపు కాచుకోవడం లేదు, కనిపిస్తూనే ఉంది. గీత నాలుగు అడుగుల దూరంలోనే ఉంది. వెళ్లడానికి లేదు.

"ఎంతసేపు మాస్టారూ ఇలా?"

"లేపేవాళ్లు వచ్చేదాకా."

కోర్టులో ముగ్గురే మిగిలారు. ముగ్గురూ మూడు మూలల్లో నిలబడి ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. రూతు అక్కడ చూడలేక గోడ వైపు తిరిగింది.

గోడ దగ్గర ఆ ముగ్గురూ కూర్చునే ఆడుతున్నారు. కోటేశ్వరి ఎడమ చెయ్యి ప్రశాంతి చేతిలో ఉంది. హసీనా కుడికి జరిగితే ఇద్దరూ కలిసి కుడికి ఒరుగుతున్నారు, ఎడమకు జరిగితే ఎడమకు. గౌసియా మోకాళ్ల మీదికి వచ్చేసింది. కాలి వేళ్లు మట్టిలో గుచ్చి, కళ్లు హసీనా పాదాల మీద పెట్టి, పెదవులతో "ఇంకా లేదు, ఇంకా లేదు" అనుకుంటోంది. వాళ్లని అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు.

రూతు చాలాసేపు వాళ్లనే చూసింది.

"టైమ్ అవుట్," అంది.

మాస్టారు విజిల్ వేశారు.

"లోపలున్న ముగ్గుర్నీ మారుస్తాను. వాళ్లని దింపుతాను," అని గోడ వైపు చూపించింది.

"వాళ్లా? నెల్లూరు వాళ్లు కదా?"

"కాదు మాస్టారూ."

"ఎవరు మరి?"

"మావాళ్లే. ఆదివారం కూడా మావాళ్లే."

రూతు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి గ్రౌండ్ అదిరిపోయేలా అరిచింది. "గౌసియా! కోటీ! ప్రశాంతీ! రండే!"

వాళ్లు నడిచి రాలేదు, పరిగెత్తుకుంటూ వచ్చారు. చెప్పులు గోడ దగ్గరే ఉండిపోయాయి.

"ముగ్గురే! అందరినీ ఒక్కసారే అవుట్ చేసేద్దాం!" అని హసీనా తొడ చరిచి లోపలికి దూకింది. కాలేజీ పిల్లలు ఈలలు వేశారు. "కబడ్డీ కబడ్డీ కబడ్డీ..."

గౌసియా మూలలో రాయిలా నిలబడింది. హసీనా చెయ్యి చాచింది, తగల్లేదు. ఇంకో అడుగు వేసింది. గౌసియా కదల్లేదు. హసీనా నవ్వుతూ కాలు చాచింది. అది నేలకు దిగేలోపే గౌసియా రెండు చేతులూ దాన్ని చుట్టేశాయి. హసీనా గీత వైపు ఎగిరింది. అక్కడ కోటేశ్వరి, ప్రశాంతి పట్టుకున్న చేతులతో అడ్డంగా వచ్చేశారు. నలుగురూ కలిసి కూలారు. మట్టి లేచింది. ఎవరి చెయ్యి ఎక్కడుందో తెలియదు. లోపల నుంచి కూత ఇంకా వస్తోంది. సన్నగా, ఇంకా సన్నగా.

రూతు బండ అంచు రెండు చేతులతో పట్టుకుని ముందుకు వంగిపోయింది. రెప్ప కూడా వేయలేదు.

కూత ఆగింది. విజిల్ మోగింది.

మాస్టారు ఆమె భుజం తట్టారు.

"ఇప్పుడు లే."