జిగురు నీది, ఆకు నాది

కొండవాగు వంపులో నీళ్లడుగున పొడుగాకుల మొక్కలు గుంపుగా పెరిగేవి. వాటి మీద పల్చటి జిగురు. జిగురంటే మురికి అనుకునేరు. కంటికి ఆనని బాక్టీరియా కోట్ల కొద్దీ చేసే కాపురం అది. దాన్ని గీక్కుతిని బతికేది నత్త నాంచారమ్మ.

ఎండలు ముదిరి, వాగు నెమ్మదించి, జిగురు మీగడలా కట్టిన రోజుల్లో ఎండ్రకాయ కోటిలింగం డెక్కలాడిస్తూ దిగాడు.

"అత్తా, ఇక ఈ చోటు నాది. నువ్వు రాళ్ల మీదికి పో."

"పోతే వానల తర్వాత పుట్టే నా పిల్లలేం తింటారు?"

"అది నాకెందుకు?"

నాంచారమ్మకి ఒళ్లు మండింది. కానీ ఆ డెక్కల ముందు తన గుల్ల ఏపాటి? అయినా అయిదు వానాకాలాలు చూసిన మనిషి, సారీ, నత్త.

"సరే నాయనా, తాబేలు తాత ముందు మాట అనుకుందాం. నీక్కావలసింది జిగురా, ఆకా?"

తాత ముందన్న మాట తప్పినవాడికి ఆ వాగులో ఎవరూ బొరియకి చోటివ్వరు. కోటిలింగానికి ఆ సంగతి తెలుసు.

"ఉత్త ఆకు నేనేం చేసుకోను? ఇప్పుడున్న జిగురంతా నాది. ఆకులు నువ్వే ఉంచుకో."

"విన్నాను," అని పక్క రాతి మీదున్న తాబేలు తాత తల లోపలికి లాక్కున్నాడు.

నాంచారమ్మ రాళ్ల మీద అర్ధాకలితో గడిపింది. కోటిలింగం సగం తిని, సగం తర్వాతకని ఆకుల మీదే ఉంచుకున్నాడు.

ఇంతలో వానలు పడ్డాయి. ఎర్రనీరు ఆకుల్ని తోమినట్టు కడిగేసింది. ఆకులు వంగాయి గానీ, వేళ్లు పట్టు వదల్లేదు. చలి మొదలై నీళ్లు తేరుకునేసరికి ఆకుల మీద కొత్త పొర లేచింది. వేసవిలో ఉన్నవి కావివి, చల్లనీళ్లు నచ్చే వేరే బాక్టీరియా. ఆవగింజంత నత్తపిల్లలు దాని మీద బారులు తీరాయి.

కోటిలింగం పరిగెత్తుకొచ్చాడు. "జిగురు నాది కదత్తా?"

"నీది వరదలో కిందికి పోయింది. వెళ్లి వెతుక్కో. ఇది నా ఆకుల మీద పుట్టింది."

తాబేలు తల బయటికొచ్చింది. "‘ఇప్పుడున్నది’ అన్నది నువ్వేరా."

కోటిలింగం పక్కకి నడుచుకుంటూ పోయాడు. ఎండ్రకాయలు ఎప్పుడూ అలాగే నడుస్తాయి గానీ, ఆ రోజు ఇంకాస్త పక్కకి నడిచాడు.

ఈ కాలంలో కనబడేది చూసి కాదు, వచ్చే కాలంలో అది ఎక్కడ పుడుతుందో చూసి బేరమాడాలి.