రెండు గీతల నడుమ ఎలుగుబంటి

ఏటి మడుగు ఒడ్డున కూర్మాచార్యులనే ముసలి తాబేలు వైద్యం చేసేవాడు. ఒళ్ళు అదుపు తప్పిన జంతువులకు పొట్ట కోసి, తిండి సంచిని చిన్నది చేసే విద్య ఆయనది. అయితే అడిగిన ప్రతివారికీ కత్తి పెట్టడు. ముందు బరువు తూస్తాడు, ఎత్తు కొలుస్తాడు. బరువును ఎత్తుతో భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ అదే ఎత్తుతో భాగిస్తాడు. ఆ అంకె ఎక్కడ నిలిచిందో చూసేందుకు బండ మీద రెండు గీతలు గీసి ఉంచాడు.

భల్లన్న అనే ఎలుగుబంటి ఆ కోత కోసమే బయలుదేరాడు. నిద్రలో అతని ఊపిరి ఆగిపోయేది. భార్య నల్లమ్మ పక్కన మేలుకుని కూర్చుని, ఆగినప్పుడల్లా కుదిపి లేపేది. ఇద్దరి కళ్ళూ గుంటలు పడ్డాయి.

దారిలో భార్యాభర్తలకు నక్క ఎదురైంది.

"ఎక్కడికి బావా, ఆయాసపడుతూ?"

విషయం విని నక్క పెదవి విరిచింది. "నిన్ను చూస్తేనే తెలుస్తోంది, నీ అంకె పై గీతకు జానెడు కిందే ఆగుతుంది. ఆచార్యులు వెనక్కి పంపేస్తాడు."

"మరి కింది గీత ఎందుకయ్యా?"

"అది అందానికి గీసింది! నా మాట విను. ఇప్పపూలు రాలే కాలం. కడుపారా మెక్కి, పై గీత దాటి వెళ్ళు. ఊపిరి సంగతి మాత్రం నోరెత్తకు. జబ్బున్నవాడికి కత్తి పెట్టనంటాడు."

"ఇంతకూ నీకేమిటి లాభం?" అంది నల్లమ్మ.

"ఏముంది వదినా, మీరు వదిలేసిన ఎంగిలి. అంతే."

నల్లమ్మకు వాదించే ఓపిక లేదు. ఆ కాలమంతా భల్లన్న ఇప్పపూలు, తేనెపట్లు, చెదపుట్టలు ఖాళీ చేశాడు. మిగిలింది నక్క తిన్నది. అడుసులోంచి లేవబోయేవాణ్ణి మళ్ళీ అడుసులోకే తోసినట్టయింది.

కొలత రోజున నక్క చెవిలో ఊదింది. "మోకాళ్ళు కాస్త వంచు బావా. ఎత్తు తగ్గితే అంకె ఎగబాకుతుంది."

భల్లన్న వంగాడు. "అబ్బా!" అని మూలిగాడు.

"నొప్పా?" అన్నాడు కూర్మాచార్యులు.

"అబ్బే, అలవాటండీ," అంది నక్క.

"నేను నిన్ను అడగలేదు. వేరే జబ్బులేమైనా ఉన్నాయా, భల్లన్నా?"

"లేవండి, ఏమీ లేవు."

ఆచార్యులు లెక్క కట్టేలోపు భల్లన్న తక్కెడకు ఆనుకుని కునికాడు. గురక మొదలైంది. మధ్యలో ఠక్కున ఆగింది. మడుగు ఒడ్డంతా నిశ్శబ్దం. నల్లమ్మ పరుగున వచ్చి కుదిపింది. బుస్సుమంటూ ఊపిరి తిరిగొచ్చింది.

"ఇది ఎప్పటినుంచి తల్లీ?"

"రెండు వానాకాలాలు గడిచాయండీ. ఇది దాచి, పై గీత దాటేదాకా మెక్కమన్నారు," అంది నల్లమ్మ, నక్క వైపు చూడకుండా.

కూర్మాచార్యులు బండ మీది గీతలు చూపించాడు. ఇలాంటివి ఎన్నో చూసి ఆయన అలసిపోయాడు.

"నాయనా, పై గీత ఒంటి బరువు ఒక్కటే ఉన్నవాళ్ళకు. కింది గీత, బరువుకు జబ్బు తోడైనవాళ్ళకు. నువ్వు కింది గీత ఎప్పుడో దాటావు. ఇంత మెక్కకముందే వచ్చి ఈ ఊపిరి సంగతి చెప్పి ఉంటే ఆనాడే కత్తి పట్టేవాణ్ణి. నీకు తలుపు తెరిచే తాళంచెవినే నువ్వు దాచుకున్నావు."

"అయితే ఇప్పుడు కోయండి!"

"ఇప్పుడెలా? మేసిన తిండి కొవ్వుగా కాలేయానికి పట్టి, అది ఉబ్బి తిండి సంచిని కప్పేసి ఉంటుంది. కత్తి దూరే సందు లేదు. పెంచుకున్నదంతా కరిగించుకుని రా."

"అంటే, అంతవరకూ నేను మేలుకునే ఉండాలన్నమాట," అంది నల్లమ్మ. ఆమె గొంతులో కోపం కూడా లేదు.

భల్లన్న తల దించుకున్నాడు. నక్క మెల్లగా జారుకోబోయి, ఆయాసంతో అక్కడే చతికిలపడింది. ఎంగిలి తిని దాని పొట్ట నేలను తాకుతోంది.

"ఆచార్యులవారూ, నా బొరియలో నేనే పట్టడం లేదు. నాకైనా ఓ చిన్న కోత..."

ఆయన దాన్ని తూచాడు, కొలిచాడు, బండ వైపు చూశాడు.

"నువ్వు కింది గీతకైనా చేరలేదు. నీకు కత్తి లేదు, నడక ఉంది. భల్లన్నకు తోడుగా రోజూ కొండ ఎక్కు. దారి చూపడం నీకు అలవాటేగా."

ఆ సాయంత్రం ఇద్దరూ రొప్పుతూ కొండ ఎక్కుతుంటే, నల్లమ్మ కింద రాతికి ఆనుకుని కాసేపు కళ్ళు మూసుకుంది.

వైద్యుడి ముందు దాచిన జబ్బు, దాచినవాడి ఇంట్లోనే కాపురం పెడుతుంది.